నా మొహంతో తెరుచుకునే మిషను

అప్పకి,

నీ తమ్ముడు దానేసు రెండు చేతులూ జోడించి రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నాన్నకి దగ్గు తగ్గిందా, లేక బీడీ మానేశానని అందరికీ చెప్పి, నౌపడ ఉప్పుమడుల వైపు పోయి కాల్చుకుంటున్నాడా? ఇక్కడ నేను బాగున్నాను. వేళకి తింటున్నాను. బెంగ పెట్టుకోకు. బాగున్నాను అని రెండుసార్లు రాస్తే నీకు అనుమానం వస్తుందని ఒక్కసారే రాశాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఆ ఫోను సంగతే ముందు చెప్పాలి, విన్నాక నువ్వు నెత్తి కొట్టుకుంటావు. ఆ మధ్య ఒక మధ్యాహ్నం నువ్వు ఫోన్ చేసి, మూడో వేట సీజను కూడా అయిపోతున్నా నేను ఇంటి మొహం చూడలేదని ఒంటికాలి మీద లేచావు గుర్తుందా? ఆ ఫోను ఎత్తింది నేను కాదు.

ఇక్కడ బోట్ల యజమాని సేట్ ఆఫీసులో కొత్తగా వచ్చిన కంప్యూటర్‌కి నా ఫోను కలిపి ఉంచాను. ఇప్పటి కంప్యూటర్లకి ఆ సౌకర్యం ఉంది. ఫోన్‌కి వచ్చిన మెసేజీలు తెర మీద కూడా కనబడతాయి, ఫోను మోగితే కంప్యూటరూ మోగుతుంది, అక్కడే ఎత్తి మాట్లాడొచ్చు. నేను అప్పుడు గుమ్మం బయట చెయ్యి కడుక్కుంటున్నాను. తెర మీద ఏదో మోగుతోందని సేట్ గుమాస్తా ఆ పచ్చ బొత్తాం నొక్కాడు. స్పీకర్లోంచి నీ గొంతు గది దద్దరిల్లేలా వచ్చింది.

“ఒరే! ఆ సేటుగోడికి అప్పా సెల్లీ ఎవులూ నేరేటిరా? కట్టీసి ఉంచుకోడానికి నువ్వేటి ఆడి గేదివా? ఆ మిషను నీ మొకం సూస్తేనే తెరుసుకుంటాదని నువ్వే కదరా సెప్పినావు. మరింకేటి! ఒగ్గీసి రైలెక్కీ. ఆడి మిషనూ ఆడూ కలిసి ఏడుస్తారు!”

గదిలో మనూరి కుర్రాళ్లు ముగ్గురు ఉన్నారు, బోటు కాగితాల కోసం వచ్చి. కడుపు పట్టుకుని నవ్వారు. సేట్ ఏంటని అడిగాడు. వాళ్లలో ఒకడు, నాలిక ఊరుకోదు కదా, ఉప్పూ కారం కలిపి మరీ హిందీలో చెప్పేశాడు. సేట్ లేచి, పడవ కాగితాల కోసం తీసుకున్న నా ఆధార్ కార్డు ఇనప బీరువాలో పెట్టాడు, గోడకి తగిలించిన నా సంచీ కూడా అందులోనే పెట్టాడు, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. “ఇక్కడైతే భద్రంగా ఉంటాయి కంప్యూటర్” అన్నాడు. ఇక్కడ నన్ను కంప్యూటర్ అనే పిలుస్తారు, పేరుతో కాదు.

నీ మీద కోపం లేదు అప్పా. నువ్వు తిట్టినందుకు నాకు ఆ రోజు లోపల హాయిగా కూడా ఉంది. కానీ అప్పటినుంచీ, గదిలో ఎవరు వింటారో అని, ఫోన్లో ఊ, ఆ అని తప్ప మాట్లాడలేకపోతున్నాను. నేను మారిపోయానని అమ్మతో అన్నావట. మారలేదు, దిగబడిపోయాను, అంతే.

ఈ గుజరాత్ రేవు సంగతి నీకు కొంత తెలుసు. మన వైపునుంచి వచ్చినవాళ్లు వందల మంది ఇక్కడ బోట్ల మీద పని చేస్తారు. మన లచ్చయ్య మావ సేట్ బోట్లలో పెద్దదానికి తండేలు, అంటే బోటు నడిపే పెద్ద. నేను కూర్చునే గది ఐసు ఫ్యాక్టరీ పైన. కింద రోజంతా ఐసు దిమ్మలు నలుగుతుంటాయి, నేల అదురుతుంటుంది, నా కాళ్లు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. ఒకటే కిటికీ. దాంట్లోంచి చూస్తే బోట్లే. చేపల కుప్పల మధ్య కూర్చుంటాను, చేప ముక్క మాత్రం దొరకదు. బోటు మీద వాళ్లు వండుకుని తింటారు. నాకు సేట్ ఇంటినుంచి క్యారేజీ వస్తుంది, శాకాహారం, పప్పులో బెల్లం. మొదట్లో వాంతి వచ్చేది. ఇప్పుడు అలవాటైంది, అదే భయంగా ఉంది.

నా పనేంటంటే, బోటు సముద్రంలోకి వెళ్లాలంటే ప్రతిసారీ కంప్యూటర్లో టోకెన్ తీయాలి. ఎవరెవరు ఎక్కుతున్నారు, వాళ్ల కార్డులు, బోటు నంబరు అన్నీ ఎక్కించాలి. ఆ కాగితం లేకుండా బోటు కదిలితే పట్టుకుంటారు. అంటే నేను ఆ కుర్చీలో లేకపోతే సేట్ బోట్లు ఎనిమిదీ కట్టుకొయ్యకే ఉంటాయి.

“అంతేటున్నాదిరా ఆ మిషన్లో, మడిసి మొకం అడగడానికి?” అని నువ్వు ఎన్నిసార్లో అడిగావు. ఇప్పుడు తీరిగ్గా చెప్తాను.

నేను మొదట కంప్యూటర్ చూసింది టెక్కలిలో చదివేటప్పుడు. చెప్పులు బయట విప్పి గదిలోకి వెళ్లేవాళ్లం, గుడికి వెళ్లినట్టు. తెర మీద పచ్చటి గుట్ట, పైన నీలం ఆకాశం. వానలు పడ్డాక మన మందస కొండల దగ్గర తీసిన బొమ్మ అనుకున్నాను చాలా రోజులు. కింద ఎడమ మూల ఒక పచ్చ బొత్తాం. ఏం కావాలన్నా అది నొక్కడమే. కంప్యూటర్‌లో వస్తువులన్నిటినీ సర్ది మనకి అందించే ఇంటావిడ లాంటిది ఒకటి లోపల ఉంటుంది, దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఆ పచ్చ గుట్ట ఆవిడ పాత చీర అన్నమాట. తర్వాత అద్దంలా అవతల కనబడే అంచులు వచ్చాయి. తర్వాత ఒకసారి ఏం పుట్టిందో ఏమో, ఆ మూల బొత్తామే తీసేసి తెరంతా రంగు రంగుల పలకలు పరిచారు. మా సారు కంప్యూటర్ ఆపడం ఎలాగో తెలియక అరగంట వెతికి, చివరికి గోడ దగ్గర స్విచ్ ఆపేశాడు. అందరూ లబలబలాడితే బొత్తాం మళ్లీ తెచ్చి పెట్టారు. ఇప్పుడు వచ్చిన కొత్తదాంట్లో ఆ బొత్తాన్ని మూలలోంచి తీసుకొచ్చి నడిమధ్యన పెట్టారు. చెయ్యి ఇప్పటికీ మూలకే పోతుంది.

కానీ అసలు మార్పు చీరలో లేదు, తాళంలో ఉంది. పాత రోజుల్లో కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ అని ఒక మాట పెట్టుకుంటే చాలు. సేట్ పాత కంప్యూటర్‌కి ఆ మాట వాళ్ల పెద్ద బోటు పేరు. అది మరిచిపోకుండా కాగితం మీద రాసి తెరకే అంటించారు! ఎవరైనా వచ్చి తెరిచి పని చేసుకునేవారు. నేను భోజనానికి వెళ్తే గుమాస్తా టోకెన్ తీసేవాడు. అప్పుడు నేను మనిషిని.

ఒకరోజు ఆ పాతదాని తెర మీద చీటీ వచ్చింది, ఇక దీనికి రక్షణ అప్‌డేట్లు రావు, కొత్త సిస్టమ్‌కి మారండి అని. సరే మారదామంటే, ఈ పెట్టెలో ఫలానా భద్రత చిప్ లేదు, నేను ఇందులో ఇమడను అంది కొత్తది. దాంతో సేట్ కొత్త కంప్యూటర్ తెప్పించాడు.

అప్పా, ఆ రోజు హడావుడి చూడాలి నువ్వు. రేవులోకి కొత్త బోటు దించినంత పని చేశారు. లచ్చయ్య మావ తలకి తుండు చుట్టుకుని వచ్చి కొబ్బరికాయ కొట్టాడు, పసుపు రాశాడు, తెర పై అంచున నట్టనడుమ ఇంత కుంకం బొట్టు పెట్టాడు. సరిగ్గా అక్కడే కెమెరా కన్ను ఉంది. మిషను నన్ను చూడలేకపోతున్నానని మొరాయిస్తే, అపశకునం అని అందరూ బిక్కమొహాలు వేశారు. నేను చొక్కా అంచుతో బొట్టు తుడిచాక చూసింది.

మన దగ్గర కొత్త తెప్పకి ఆచారం ఉంది కదా, ముందడుగు వేసినవాడు ఆ సీజను అయ్యేదాకా ఆ తెప్ప దిగకూడదు, దిగితే గంగమ్మకి కోపం అని. మావ అదే ఇక్కడా పెట్టేశాడు. “ముందడుగు మా దానేసుదే. ఆడి సెయ్యి మంచిది” అన్నాడు. సేట్‌కి హిందీలో కూడా చెప్పాడు. సేట్ తల ఊపాడు.

కొత్త సిస్టమ్ మొదలవ్వాలంటే ముందు ఇంటర్నెట్ కావాలంది. తర్వాత ఖాతా తెరవమంది. ఫోను నంబరు అడిగింది, నా నంబరు ఇచ్చాను. దానికి వచ్చిన అంకెలు కొట్టాను. నీ మొహం చూపించు, ఇకనుంచి మాటా పలుకూ అక్కర్లేదు, నిన్ను చూసి తెరుచుకుంటాను అంది. చూపించాను. లోపల ఉన్నదంతా దానంతట అదే భోషాణానికి వేసినట్టు తాళం వేసేసుకుంది. ఎప్పుడైనా తేడా వస్తే తెరవడానికి ఒక పెద్ద అంకెల తాళంచెవి ఉంటుంది, అది కూడా నా ఖాతాలోకే పోయింది. పెట్టె సేట్‌ది, తాళం నేను.

ఇంకా ఉంది విను. నా ఫోను జేబులో పెట్టుకుని గదిలోంచి దూరంగా వెళ్తే, యజమాని లేడని పసిగట్టి అది కాసేపట్లో తలుపు వేసేసుకుంటుంది. ఆ సదుపాయం ముచ్చటపడి నేనే పెట్టాను. సేట్ అది కనిపెట్టాడు. అప్పట్నుంచి టీ బయటకెళ్లి తాగనివ్వడు, గదికే తెప్పిస్తాడు. స్నానాల గదికి వెళ్తే గుమాస్తా గుమ్మం దగ్గర నిలబడతాడు, వచ్చావా వచ్చావా అని.

మంచివి లేవనను. ఒకే తెర మీద రెండు మూడు బల్లలు, అంటే డెస్క్‌టాప్‌లు, వేసుకోవచ్చు, ఒక బల్ల మీద పని ఇంకో బల్లకి కనబడదు. మొదటి బల్ల సేట్‌ది, టోకెన్లూ బోట్లూ. రెండోది నాది. దాని మీద నువ్వు పంపిన ఉప్పుమడుల ఫొటో పెట్టుకున్నాను, నువ్వు తట్ట నెత్తిన పెట్టుకుని అటు తిరిగి నడుస్తున్నది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడగానే మూడు మీటలు నొక్కుతాను, నువ్వు మాయమైపోతావు, బోట్లు వస్తాయి. ఇంకా కొత్త మిషన్లలో మనం తెర మీద రోజంతా చేసిందంతా బొమ్మలు తీసి దాచుకుని, తర్వాత అడిగితే చూపించేది కూడా వచ్చిందట. మాదాంట్లో అది లేదు, బతికిపోయాను.

చలికాలంలో నాకు జ్వరం వచ్చింది. మీకు చెప్పలేదు, ఇప్పుడు బాగుంది, ఏడుపు ఎత్తుకోవద్దు. రెండు రోజులు లేవలేకపోయాను. నాలుగు బోట్లు టోకెన్ లేక ఆగిపోయాయి. మూడోరోజు సేట్ మనుషులు నన్ను కుర్చీతో సహా మోసుకెళ్లి తెర ముందు పెట్టారు. మొహం వాచిపోయి ఉన్నా గుర్తుపట్టింది, వెధవది. టోకెన్లు తీసి అక్కడే బల్ల మీద తల పెట్టుకుని పడుకున్నాను.

ఆ రోజు సేట్ కోడలు రమీలాబెన్ మందులు పట్టుకుని వచ్చింది. పెళ్లికి ముందు ఏదో బడిలో కంప్యూటర్ పని చేసిందట. ఈ పని నాకు నేర్పించవా అన్నా, నేనూ ఊరికే ఇంట్లో కూర్చోలేకపోతున్నాను అని అడిగింది. ఆవిడకి చెప్పడం పావుగంట పని. నేనేమన్నానో తెలుసా? చాలా కష్టమమ్మా, మీ వల్ల కాదు అన్నాను. ఆవిడ ముసుగు సర్దుకుని వెళ్లిపోయింది. తర్వాత రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అదే చెప్పాను.

సీజను అయిపోయింది. బోట్లన్నీ గట్టెక్కించేశారు, వానగాలి మొదలైంది, మనవాళ్లంతా మూటలు కడుతున్నారు. నాకు మాత్రం సేట్, వానాకాలం అంతా లైసెన్సు కాగితాలు ఎక్కించాలి, వచ్చే సీజను పేర్లు రాయాలి, నువ్వు ఆగు అన్నాడు. అదే మీకు ఫోన్లో చెప్పాను, సేట్ పంపడం లేదు అని. చెప్పి పెట్టేశాను. సరిగ్గా ఆ సాయంత్రమే నాన్న ఫోన్ చేశాడు.

“ఒరే దానేసూ, మన కొత్త తెప్ప కట్టడం అయిపోనాదిరా. ఇంజినూ బిగించీసినాం. ముందడుగు నీదే. నువ్వొచ్చినదాకా గట్టు మీదే ఉంటాది, ఎవుల్నీ ఎక్కనివ్వను. ఎన్నాళ్లైనా సరే. నువ్వు బేగి రా.”

సరే నాన్నా అని ఫోను పెట్టేశాను.

అప్పా, ఇప్పటిదాకా రాసిందంతా నిజమే. ఒక చోట మాత్రం దాటేశాను. కొత్త మిషను నంబరు అడిగినప్పుడు సేట్ పక్కనే ఉన్నాడు. తన ఫోను నా చేతికి ఇచ్చి, నాది పెట్టు అన్నాడు. మీ ఫోను పాతది సేట్‌జీ, దీనికి అంకెలు రావు అని అబద్ధం చెప్పాను. కావాలనే నా నంబరు పెట్టాను, కావాలనే నా మొహం పెట్టాను. నేను లేకపోతే తెరుచుకోకూడదనే పెట్టాను. మావ ముందడుగు మాట అనడం నాకు కలిసొచ్చింది. సేట్ నన్ను బంధించలేదు. నేనే లోపలికి వెళ్లి గడియ పెట్టుకున్నాను, తర్వాత దాని మీద సేట్ ఇంకో గడియ పెట్టాడు, అంతే.

ఎందుకంటే నాకు సముద్రం అంటే భయం.

రాసేశాను. మూడేళ్లుగా ఈ ముక్క నోటితో అనలేకపోయాను. మన ఇంట్లో పుట్టినవాడు అనే మాటేనా ఇది? మొదటి సీజన్‌లో నేను బోటు మీదే పని చేశాను కదా. ఒక పొద్దున వల దింపుతుంటే తాడు నా కాలికి చుట్టుకుంది. వలతో పాటు నన్నూ లాక్కుపోయింది. ముందు పచ్చగా కనబడింది, తర్వాత నల్లగా. అరుద్దామని నోరు తెరిస్తే నీళ్లే. లచ్చయ్య మావ నా జుట్టు పట్టుకుని పైకి లాగాడట, నాకు గుర్తు లేదు. అందరూ, సముద్రమన్నాక పడతాం లేస్తాం అని నవ్వేశారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత వల దింపే వేళకి ఏదో వంక పెట్టి వెనక్కి పోయేవాణ్ని. బోటు అంచు దగ్గరికి వెళ్లాల్సి వస్తే పట్టుకున్న తాడు వదిలేవాణ్ని కాదు. పాత గుమాస్తా ఒకడు పని మానేస్తే, సేట్ కాళ్లావేళ్లా పడి ఆ కుర్చీ అడుక్కున్నాను. మీకేమో, నా చదువు చూసి సేట్ పిలిచి కూర్చోబెట్టాడని చెప్పాను. నాన్న అది పేటంతా టముకు వేశాడని నువ్వే చెప్పావు, “మా గుంటడి బుర్ర సూసి సేటు కుర్సీ ఏసినాడు” అని. ఆ మాట విన్నప్పుడు నేను ఎంత కుమిలిపోయానో నీకు తెలియదు.

ఇక్కడ కుర్చీ దిగితే బోటు. అక్కడికొస్తే నాన్న తెప్ప. ఎటు తిరిగినా నీళ్లే. అందుకే ఈ పెట్టెని కావలించుకుని కూర్చున్నాను. కానీ నాన్న ఎవుల్నీ ఎక్కనివ్వను అన్నాడు చూడు, ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. నేను రానన్నంత కాలం ఆయన కొత్త తెప్ప ఇసకలో ఎండిపోతుంది, ఆయన పరాయివాళ్ల తెప్పల మీద కూలికి పోతాడు. నా ఒక్కడి భయానికి ఇంతమందిని కట్టేశాను. రమీలాబెన్‌ని కూడా.

నిన్న పొద్దున సేట్‌తో చెప్పాను, మీ కోడలికి పని నేర్పించి వెళ్లిపోతాను, రమ్మనండి అని. సేట్ ముందు కుదరదన్నాడు. అప్పుడే క్యారేజీ పట్టుకొచ్చిన ఆవిడ తలుపు చాటునుంచి, “ఇతనికి మళ్లీ జ్వరమొస్తే మన బోట్లు ఆపుకుంటామా పప్పాజీ?” అంది. ఆయన గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. అయితే ఇక్కడ ఒక చిక్కొచ్చింది. కోడలు మామగారి ముందు ముసుగు తీయకూడదు, అది వాళ్ల ఇంటి పద్ధతి. ఆవిడ పేరు మీద కొత్త ఖాతా తెరిచాను, మిషనుకేమో మొహం కావాలి. చివరికి సేట్ తన చెప్పులు తొడుక్కుని, తన ఆఫీసులోంచి తనే బయటికి వెళ్లి మెట్ల మీద నిలబడ్డాడు. నేనూ గోడ వైపు తిరిగాను. ఆవిడ ముసుగు తీసి తెర వైపు చూసింది. “గుర్తుపట్టింది అన్నా!” అని చిన్నపిల్లలా అరిచింది. ఆవిడ మళ్లీ ముసుగు వేసుకున్నాక నేను ఇటు తిరిగాను. ఆ పెద్ద అంకెల తాళంచెవి ముద్రించి ఆవిడ చేతికి ఇచ్చాను. టోకెన్ తీయడం రెండుసార్లు చూపించాను, మూడోసారి నాకంటే గబగబా తీసింది. తర్వాత నా ఖాతా తీసేశాను. నిజంగా తొలగించాలా అని అడిగింది మిషను. అవును నొక్కాను. అంతా కలిపి ఇరవై నిమిషాలు పట్టలేదు. ఈ ఇరవై నిమిషాల పనికి నేను ఎన్ని నెలలు కూర్చున్నానో తలుచుకుంటే సిగ్గేసింది. ఏడ్చాను కూడా, మళ్లీ గోడ వైపు తిరిగాను కాబట్టి ఎవరూ చూడలేదు.

సేట్ బీరువా తీసి నా కార్డూ సంచీ ఇచ్చాడు. వచ్చే సీజన్‌కి వస్తే బోటు ఎక్కాలి, ఆఫీసులో ఇక చోటు లేదు అన్నాడు. రానని చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు అప్పా, దారి కోసం చక్కెర పొట్లం కట్టి ఇచ్చాడు. ఇంకెప్పుడూ ఆయన్ని గేదెల కాపరిని చేసి తిట్టకు.

లచ్చయ్య మావకి ఈ సాయంత్రం చెప్పాను, నాకు సముద్రం భయం మావా అని. నవ్వుతాడనుకున్నాను. మూట కడుతున్నవాడు ఆగి నా వైపు చూశాడు. “నాకు తెల్దేటిరా? నిన్ను పైకి తీసినాక మూడ్రోజులు నా లుంగీ కొస ఒగ్గలేదు నువ్వు. కుర్సీలో కూకున్నావని ఇన్నప్పుడు, పోన్లే గుంటడు బతికినాడు అనుకున్నాను. ముందడుగు మాట ఒట్టినే అన్నానేటి మరి?” అన్నాడు. అప్పుడు ఆయన చెయ్యి పట్టుకున్నాను, చాలాసేపు వదల్లేదు. అలా ఒకరికి తెలిసి ఉందని నాకు ముందే తెలిస్తే ఎంత బాగుండేది.

అప్పా, ఇప్పుడు నీకు ఒక పని చెప్తున్నాను. నీకు తప్ప ఎవరికీ చెప్పలేనిది. ఈ సంగతి నాన్నకి నువ్వే చెప్పాలి. నా నోటితో చెప్పబోతే, ఆయన మొహం చూసి మళ్లీ సరే నాన్నా అనేస్తాను, ఆ తెప్ప ఎక్కేస్తాను, నాకు తెలుసు. ముందడుగు బావ చేత వేయించమను. బావకి సముద్రం అంటే ప్రాణం, నన్ను చూసి ఎన్నాళ్లు ఆగుతాడు? నాన్న కోప్పడితే కోప్పడనీ. పేటలో పరువు పోయిందంటే అననీ. నేను గట్టు మీద ఏ పనైనా చేస్తాను. నౌపడలో కాగితాలు ఎక్కించే దుకాణం ఎవరైనా పెట్టుకుంటే అందులో కూర్చుంటాను, లేకపోతే నీతో పాటు ఎండుచేప తట్ట మోస్తాను, నవ్వేవాళ్లు నవ్వుకుంటారు. నీళ్లలోకి మాత్రం దిగను. ఇది రాసే చేతికి ఇంత ధైర్యం ఎలా వచ్చిందో తెలియదు, కాగితం కాబట్టేమో.

అమ్మకి నా దండాలు. నాన్న పాదాలకి దండం పెట్టానని చెప్పు, కోపంలో ఉన్నా సరే చెప్పు. బావకి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు, వాళ్ల కోసం చక్కెర పొట్లం విప్పకుండా ఉంచాను. నువ్వు పెద్దదానివి, నన్ను దీవించు.

ఈ ఉత్తరం నీ చేతికి లచ్చయ్య మావే తెచ్చి ఇస్తాడు. రైళ్లు మారి మారి వస్తున్నాం, ఆయనతో పాటే నేనూ వస్తున్నాను. నౌపడ స్టేషన్లో దిగుతాను, పేటలోకి మాత్రం రాను. మావని ముందు పంపించి, ప్లాట్‌ఫారం చివర కుళాయి దగ్గరున్న బెంచీ మీద కూర్చుంటాను. నువ్వు ఇది చదువుతున్నప్పుడు నేను అక్కడే ఉంటాను అప్పా. చదవడం అయ్యాక నాన్న దగ్గరికి వెళ్లు. ఆయన రమ్మంటే నువ్వు వచ్చి తీసుకెళ్లు. రావద్దంటే కూడా నువ్వు ఒక్కసారి వచ్చి ఆ మాట చెప్పు, నీ కోసమే కూర్చుంటాను, ఎంత పొద్దుపోయినా లేవను.

నీ రాక కోసం బెంచీ మీద కూర్చుని ఉన్న
నీ తమ్ముడు
దానేసు